క్యాంపుకు పంపాలా, హైదరాబాదుకు పంపాలా?

మియాపూర్ నుంచి నిరుడు అమెరికాలో, టెక్సాస్‌లోని డాలస్‌కు వచ్చిన ఒక తల్లి ఇలా అడిగారు: "మా బాబుకు తొమ్మిదేళ్లు. నేను మావారి ఉద్యోగ వీసాను బట్టి వచ్చే హెచ్4 వీసా మీద ఇంట్లోనే ఉంటున్నాను. అలాంటప్పుడు వేసవి క్యాంపుకు వారం వారం వందల డాలర్లు పోయడం ఎందుకు? దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మమ్మగారింట్లో రెండు నెలలు ఉంచితే సరిపోదా?"

అమ్మా, కొత్తగా వచ్చినవారందరూ వేసే లెక్కే మీరూ వేశారు. ప్రతి డాలరునూ రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె జారడం సహజమే. నాలుగేళ్లు గడిస్తే ఆ అలవాటు దానంతటదే పోతుంది. మీరు ముందుగా ఆలోచించవలసింది బాబు ఒంటరితనం గురించి.

మేము న్యూజెర్సీకి వచ్చిన మొదటి వేసవిలో మా అబ్బాయిని ఇంట్లోనే ఉంచాం. హైదరాబాదు నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు కనుక వాడికి తోడుందని ధీమాగా ఉన్నాం. ఆవిడకు తెలుగు తప్ప మరో భాష రాదు, గడప దాటితే వాడిని పలకరించే పిల్లవాడు లేడు. మధ్యాహ్నాలన్నీ ఇద్దరూ టీవీ ముందే గడిపారు. సెప్టెంబరులో బడి తెరిచిన కొన్నాళ్లకు, మీ వాడు భోజనాల వేళ ఒక్కడే కూర్చుంటున్నాడని టీచరు పిలిచి చెప్పారు.

మరుసటి ఏడు మలక్‌పేటలోని మా పుట్టింటికి పంపాం. న్యూజెర్సీలో బడులు జూన్ మూడో వారం వరకూ నడుస్తాయి, తెలంగాణలో సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. టిక్కెట్లు కొనేటప్పుడు ఈ సంగతి మాకు తట్టలేదు. వాడు అక్కడ దిగేసరికి మా అన్నయ్య పిల్లలు యూనిఫాంలు వేసుకుని, బరువైన సంచులతో ఉదయమే ఆటో ఎక్కి వెళ్లిపోతున్నారు, సాయంత్రమైతే ట్యూషన్. పబ్లిక్ గార్డెన్స్‌లోని బాలభవన్‌లో చేర్చుదామంటే అక్కడి వేసవి శిబిరాలు ఏప్రిల్, మే నెలలవి. ఇంట్లో ప్రేమకు కొదవ లేదు. కొదవల్లా ఈడు పిల్లలకే.

ఆ తరువాతి వేసవిలో, ఒక్క జీతం మీదే సర్దుకుంటూ, మా ఊరి పార్కులో జరిగే డే క్యాంపులో, అంటే పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చే క్యాంపులో, చేర్చాం. తల్లిదండ్రులు చూడడానికి రావచ్చన్న రోజున నేను ఈతకొలను గట్టున నిలబడ్డాను. నీళ్లలోకి దిగే ముందే ప్రతి పిల్లవాడికీ ఒక జతగాడిని నియమిస్తారు. కొంతసేపటికి లైఫ్‌గార్డు ఈల వేయగానే పిల్లలంతా ఆట ఆపి, ఎవరి జతగాడి చెయ్యి వారు పట్టుకుని పైకెత్తాలి; జంటలన్నీ లెక్క తేలేదాకా ఎవరూ కదలకూడదు. మా వాడు మరో పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఎత్తి నిలబడడం చూశాక నా మనసు కుదుటపడింది. బడిలో ఎవరి పక్కన కూర్చోవాలో పిల్లలే తేల్చుకుంటారు, కొత్తవాడు మిగిలిపోతాడు. క్యాంపులో ఎవరినీ ఒంటరిగా మిగలనివ్వరు.

1861లో కనెక్టికట్‌లో ఫ్రెడరిక్ గన్ అనే ఉపాధ్యాయుడు తన విద్యార్థులను నడిపించుకుని వెళ్లి, రెండు వారాలు సముద్రతీరంలో గుడారాల్లో ఉంచడంతో ఈ దేశంలో క్యాంపులు మొదలయ్యాయని చెబుతారు. కలిసి వండుకోవడం, కలిసి పడుకోవడం, కలిసి పనిచేయడం అప్పటి నుంచీ అందులో భాగమే. మనవాళ్లు మాత్రం క్యాంపు అనగానే కోడింగు, లెక్కలు, అబాకస్ వెతుకుతారు. నాలుగు గోడల మధ్య మళ్లీ వర్క్‌షీట్లు చేయించేదానికి డబ్బు కట్టకండి, అది ట్యూషనే.

మా వాడు పదిహేనో ఏట అదే క్యాంపులో కౌన్సెలర్, అంటే చిన్నపిల్లల బాగోగులు చూసే పెద్దపిల్లవాడు, అయ్యే శిక్షణలో చేరాడు, తరువాత జీతం తీసుకుని పనిచేశాడు. కాలేజీ హాస్టలుకు వెళ్లిన రోజున మేము బెంగపడ్డాం గాని, వాడు పడలేదు. ఈనాటికీ నలుగురు చేరిన చోట మూలన ఉన్నవారిని గమనించి, వెళ్లి మాట కలుపుతాడు. మేము కట్టిన రుసుముకు ఇంతకన్నా ఏం కావాలి?

ఖర్చు సంగతి క్లుప్తంగా చెబుతాను. క్యాంపులు నడిపే చాలా వైఎంసీఏలు ఆదాయాన్ని బట్టి రుసుము తగ్గిస్తాయి, అడగడానికి మొహమాటపడకండి. పదమూడేళ్ల లోపు పిల్లల డే క్యాంపు ఖర్చుకు పన్నులో కొంత వెసులుబాటు ఉన్నా, అది ప్రధానంగా తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లకు. రాత్రులు ఉంచే క్యాంపులకు అసలే వర్తించదు. నియమాలు ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైటులో ఉన్నాయి.

మీకు మాకు లేని అదృష్టం ఉంది. టెక్సాస్‌లో బడులు మే చివరికే మూసేస్తారు. సెలవులిచ్చిన వెంటనే బాబును హైదరాబాదుకు తీసుకువెళితే, అక్కడ బడులు తెరిచేలోగా పిల్లలంతా కలిసి ఆడుకోవడానికి రెండు వారాలైనా దొరుకుతాయి. టిక్కెట్టు ధర ఎక్కువే అయినా ఆ రోజులు వదులుకోకండి. జూన్ చివరికి తిరిగి వచ్చి జూలైలో క్యాంపుకు పంపండి. మంచివి జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే నిండడం మొదలవుతాయి కాబట్టి, చేర్చేటప్పుడు చూపడానికి హైదరాబాదులో వేయించిన టీకాల కాగితాలు ఇప్పుడే దగ్గర పెట్టుకోండి. ఏ క్యాంపు గొప్పదని ఎవరినీ అడగవద్దు. బాబు తరగతి పిల్లలు ఎక్కువమంది దేనికి వెళుతున్నారో కనుక్కుని అందులోనే చేర్చండి, ఆగస్టులో బడి తెరిచేసరికి వాడి పక్కన కూర్చునేవారు ఉంటారు.