నాలుగేసి సూపర్ బౌల్స్ ఓడిన బిల్స్, వైకింగ్స్: ఎవరు గొప్ప?

అడిగిన ప్రశ్న ఇది. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి నాలుగేసి సార్లు వెళ్లి ఒక్కసారీ గెలవని జట్లు రెండే: బఫెలో బిల్స్, మిన్నెసోటా వైకింగ్స్. వీటిలో గొప్ప జట్టు ఏది, ఎవరి ఓటమి ఎక్కువ బాధ?

నేను ఈ రెండు చోట్లా ఉన్నాను. మొదటి ఆరేళ్లు మినియాపొలిస్ పక్కన బ్లూమింగ్‌టన్‌లో, 2017 నుంచి బఫెలో దగ్గర ఆమ్‌హెర్స్ట్‌లో. వచ్చిన కొత్తలో అమెరికన్ ఫుట్‌బాల్ ఓనమాలు కూడా తెలియవు. ఇప్పుడు ఆదివారం ఒంటిగంటకి ఆట ఉందంటే మా ఇంట్లో ఎవరూ వేరే పని పెట్టుకోరు. నా జవాబు బిల్స్. కానీ ముందు వైకింగ్స్ గురించి చెప్పాలి. చాలామంది వాళ్లని మరీ తేలిగ్గా తీసేస్తారు.

1968 నుంచి 1978 దాకా పదకొండు సీజన్లలో పదిసార్లు తమ డివిజన్‌లో, అంటే లీగ్‌లో తమ గ్రూపులో, మొదటి స్థానం వాళ్లదే. కోచ్ బడ్ గ్రాంట్ డిసెంబర్ చలిలో కూడా మైదానం పక్కన తన ఆటగాళ్లకి హీటర్లు పెట్టనిచ్చేవాడు కాదు. డిఫెన్స్‌లో ముందు వరసలో అలన్ పేజ్, కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్. బంతి విసిరి ఆట నడిపే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌కి ఊపిరి తీసుకునే టైమ్ ఇచ్చేవాళ్లు కాదు. పేజ్ అయితే ఆడుతూనే లా చదివి, తర్వాత మిన్నెసోటా సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు.

వాళ్లు ఆడిన మెట్రోపాలిటన్ స్టేడియం ఇప్పుడు లేదు. చలికాలంలో మన తెలుగు కుటుంబాలన్నీ పిల్లల్ని తీసుకెళ్లే మాల్ ఆఫ్ అమెరికాని ఆ స్థలంలోనే కట్టారు. అక్కడ బేస్‌బాల్ కూడా ఆడేవారు కాబట్టి, రైడ్స్ ఉన్న పార్కులో నేల మీద ఒక ఫలకం ఉంటుంది, పాత స్టేడియం హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు, ఇక్కడే అని. ఓసారి మా అబ్బాయి దాని మీద నిలబడి ఐస్‌క్రీమ్ తింటుంటే ఒక పెద్దావిడ ఆగింది. "డాలస్ వాళ్లు మా కొంప ముంచింది ఈ స్టేడియంలోనే బాబూ" అని చెప్పి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, అది 1975 డిసెంబర్ 28 సంగతి. ఆ ఏడాది వైకింగ్స్ 12 గెలిచి రెండే ఓడారు. ప్లేఆఫ్ మ్యాచ్ చివరి నిమిషంలో డాలస్ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్ దేవుడి మీద భారం వేసి విసిరిన పొడుగు పాస్‌ని డ్రూ పియర్సన్ పట్టేశాడు. డాలస్ 17, వైకింగ్స్ 14. పియర్సన్ తమ డిఫెండర్‌ని తోశాడని మిన్నెసోటాలో ఇప్పటికీ అంటారు. ఆ నాలుగు ఫైనల్స్‌లో ఈ మ్యాచ్ లేదు, అయినా ఆవిడకి గుర్తున్నది ఇదే.

ఎందుకంటే ఆ ఫైనల్స్‌లో గుర్తుపెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కాన్సస్ సిటీ చేతిలో 23-7, మయామీ చేతిలో 24-7, పిట్స్‌బర్గ్ చేతిలో 16-6, ఓక్లండ్ చేతిలో 32-14, అన్నీ ఓటములే. నాలుగింట్లోనూ మొదటి సగంలో వైకింగ్స్ స్కోరు సున్నా. ఒక్క సెకను కూడా ఆధిక్యంలో లేరు. పిట్స్‌బర్గ్‌తో ఆడినప్పుడైతే బంతి పట్టుకుని పరిగెత్తి సాధించింది మ్యాచ్ మొత్తానికి 17 గజాలు. "అప్పుడు అలా జరగకపోయి ఉంటే" అని తల్చుకోవడానికి ఒక్క క్షణం మిగల్లేదు.

బిల్స్‌కి ఆ క్షణం మిగిలింది. ముప్పై ఏళ్లు దాటినా ఊరు దాన్ని మోస్తూనే ఉంది.

1991 జనవరి 27, టాంపాలో సూపర్ బౌల్, ఎదురుగా న్యూయార్క్ జెయింట్స్. వారం ముందే రైడర్స్‌ని 51-3తో చితక్కొట్టి వచ్చిన జట్టు అది. క్వార్టర్‌బ్యాక్ జిమ్ కెల్లీ మ్యాచ్‌లో ఒక్కో ఎత్తుకీ మధ్య గుంపుగా చేరి మాట్లాడుకోవడం మానేసి, బంతి పెట్టిన గీత దగ్గరే తర్వాతి ఎత్తు చెప్పి హడావుడిగా నడిపించేవాడు. అటువైపు డిఫెన్స్ మనుషుల్ని మార్చుకునే లోపే బంతి కదిలిపోయేది. ఆ వేగానికి జెయింట్స్ కనిపెట్టిన విరుగుడు చాలా సింపుల్: బంతి అసలు వాళ్ల చేతికి ఇవ్వకూడదు. 60 నిమిషాల ఆటలో 40 నిమిషాలకు పైగా బంతి జెయింట్స్ దగ్గరే ఉంది. మొదటి క్వార్టర్‌బ్యాక్ గాయపడి, రెండోవాడు జెఫ్ హాస్టెట్లర్‌తో ఆడుతూ అంత పని చేశారు. అయినా చివరికి 20-19. ఎనిమిది సెకన్లు ఉండగా బిల్స్ కిక్కర్ స్కాట్ నార్‌వుడ్ గెలుపు కోసం 47 గజాల నుంచి కొట్టిన కిక్ గోల్ స్తంభాల మధ్య నుంచి పోకుండా కుడివైపుకి వెళ్లిపోయింది. బఫెలోలో "వైడ్ రైట్" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో మన జట్టు వరసగా పది గెలిచి ఫైనల్ ఓడిన రోజు నేను దిగులుగా పెరట్లో కూర్చుంటే, పక్కింటి పెద్దాయన పలకరించాడు. డెబ్బై దాటిన మనిషి. విషయం చెప్తే శ్రద్ధగా విని, "ఇదే వరసగా నాలుగేళ్లు జరిగిందనుకో" అన్నాడు. ఆ తర్వాత నాకు నోట మాట రాలేదు.

నా జవాబుకి కారణం అదే. ఒక్క గెలుపు దూరంలో ఓడిన జట్టు మర్నాడు ప్రాక్టీస్‌కి రావడమే కష్టం. బిల్స్ మళ్లీ వచ్చారు. వాషింగ్టన్ మీద 37-24తో ఓడి మళ్లీ వచ్చారు. డాలస్ చేతిలో 52-17, మళ్లీ వచ్చారు. వరసగా నాలుగు సూపర్ బౌల్స్ ఆడిన జట్టు అప్పుడూ ఇప్పుడూ ఇదొక్కటే. వైకింగ్స్ నాలుగు ఫైనల్స్ ఎనిమిది సీజన్లలో ఆడారు, మధ్యలో ఊపిరి పీల్చుకునే టైమ్ దొరికింది. పైగా బిల్స్ తమ నాలుగింట్లో మూడు ఫైనల్స్‌లో ఏదో ఒక దశలో ముందున్నారు. ఆఖరిదాంట్లో డాలస్ మీద హాఫ్‌టైమ్‌కి 13-6 ఆధిక్యం. అది కూడా పోయింది, బిల్స్ ఆటగాడు థర్మన్ థామస్ చేతిలోంచి బంతి జారడంతో.

మూడో ఏడాది ప్లేఆఫ్స్ సంగతి చెప్పకపోతే ఈ జట్టు గురించి ఏమీ చెప్పనట్టే. 1993 జనవరి 3, సొంత మైదానంలో హ్యూస్టన్ మీద 35-3తో వెనకబడ్డారు. కెల్లీ గాయంతో లేడు, బ్యాకప్ ఫ్రాంక్ రైక్ ఆడుతున్నాడు. టికెట్లు అన్నీ అమ్ముడుపోలేదని స్థానిక టీవీలో ప్రసారమే లేదు. పెద్దాయన గ్యారేజీలో రేడియో పెట్టుకుని, విసుగొచ్చి ఒకసారి కట్టేశాడట. మళ్లీ చెయ్యి ఊరుకోక తిప్పేసరికి బిల్స్ బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తూ టచ్‌డౌన్ మీద టచ్‌డౌన్. చివరికి ఓవర్‌టైమ్‌లో 41-38. ఆ రికార్డు దాదాపు ముప్పై ఏళ్లు నిలిచింది. 2022లో 33-0 నుంచి లేచి దాన్ని బద్దలు కొట్టింది ఎవరో కాదు, వైకింగ్సే. ఆ రోజు నా బ్లూమింగ్‌టన్ స్నేహితులు పంపిన మెసేజ్‌లు ఇంకా డిలీట్ చెయ్యలేదు.

52-17 ఓటమిలో కూడా ఇక్కడివాళ్లు చూపించే ఒక వీడియో ఉంది. ఆట ఎప్పుడో చేజారింది. బిల్స్ వదిలేసిన బంతిని అందుకున్న డాలస్ ఆటగాడు లియోన్ లెట్ గీత దగ్గరికొచ్చి, చెయ్యి పక్కకి చాచి సంబరంగా నెమ్మదించాడు. వెనక నుంచి బిల్స్ ఆటగాడు డాన్ బీబీ మైదానమంతా పరిగెత్తుకొచ్చి, ఆ చేతిలోని బంతిని తన్నుకుపోయినట్టు కొట్టేశాడు. ఆ టచ్‌డౌన్ ఆపినా ఆపకపోయినా ఫలితం మారదు. అయినా పరిగెత్తాడు.

ఇక ఎవరి బాధ ఎక్కువ? నేను రెండు కిక్‌లు చూశాను. మొదటిది 2016 జనవరి, సియాటిల్‌తో ప్లేఆఫ్. మైనస్ 21 డిగ్రీల చలి. సియాటిల్ 10, వైకింగ్స్ 9, వైకింగ్స్ కిక్కర్ బ్లెయిర్ వాల్ష్‌కి 27 గజాల కిక్, అంటే ఆ స్థాయిలో చాలా తేలికైనది. నా కొలీగ్ వాళ్లింట్లో చూస్తున్నాం. వాల్ష్ ఇంకా అడుగు వెయ్యకముందే మా కొలీగ్ లేచి కుక్కని నడిపించడానికి కోటు తొడుక్కున్నాడు. బంతి ఎడమవైపుకి పోయింది. అతను టీవీ వంక చూడనైనా లేదు.

రెండోది 2024 జనవరి 21, కాన్సస్ సిటీతో. బిల్స్ మూడు పాయింట్లు వెనక, 44 గజాలు, కిక్కర్ టైలర్ బాస్. పెద్దాయన సోఫాలోంచి లేచి నిలబడ్డాడు, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని. బంతి కుడివైపుకి పోయింది. ఆయన అలాగే నిలబడిపోయాడు. ప్రతిసారీ నమ్మి ప్రతిసారీ దెబ్బతినడం చూస్తే బాధ బఫెలోదే ఎక్కువ అనిపిస్తుంది నాకు. బ్లూమింగ్‌టన్ మిత్రులు ఒప్పుకోరు, అది వాళ్ల హక్కు.

1991లో ఫైనల్ ఓడిన మర్నాడు బఫెలో సిటీ హాల్ ముందు నయాగరా స్క్వేర్‌లో వేలమంది చేరి, నార్‌వుడ్ పేరు పిలిచి మరీ మాట్లాడించారు. అతను కన్నీళ్లు పెట్టుకున్నాడు. పెద్దాయన ఆ గుంపులో ఉన్నాడట. బాస్ కిక్ తప్పిన తర్వాత కొందరు అతన్ని సోషల్ మీడియాలో నానా మాటలూ అన్నారు. అప్పుడు బిల్స్ అభిమానులు, అతను అండగా నిలిచే పిల్లుల సంరక్షణ సంస్థకి 22 డాలర్ల చొప్పున విరాళాలు పంపడం మొదలుపెట్టారు. అతని జెర్సీ నంబరు 2. ఆ వారంలో ఒక సాయంత్రం పెద్దాయన ఫోన్ పట్టుకుని మా తలుపు తట్టాడు. పిల్లులంటే ఆయనకి పడదు. "ఆన్‌లైన్‌లో డబ్బులు ఎలా పంపాలో నాకు రాదు, కాస్త చూపించు" అన్నాడు.