పోపుగారు అన్నదేమిటి, పేపర్లో పడిందేమిటి?

ప్రశ్న: అక్కా, మాది తెనాలి. తాతల నాటి నుంచి కతోలికులం. మా పెద్దబ్బాయికి బెంగళూరులో ఉద్యోగం. తాను గే అని పోయినేడు మాతో చెప్పాడు. 2023 క్రిస్మస్ ముందు ఏదో పేపర్లో 'స్వలింగ పెళ్లిళ్లకు పోపు పచ్చజెండా' అని వచ్చిందట. ఆ ముక్క ఫోన్లో దాచుకుని 'మీ చర్చే ఒప్పుకుంది కదమ్మా' అంటాడు. మావారేమో యూట్యూబులో ఎవరిదో ప్రసంగం చూపించి 'ఇలాంటివాళ్లకు శ్రీసభలో (చర్చిలో) చోటు లేదు, పండక్కి రావద్దని చెప్పు' అంటున్నారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఎవరి మాట నమ్మాలి?
- ఒక తల్లి

జవాబు: చెల్లీ, మీ అబ్బాయి చేతిలో సగం ఉంది, మీవారి చేతిలో ఇంకో సగం ఉంది. రెండూ కత్తిరింపులే.

విజయవాడలో ఒక దినపత్రిక డెస్క్‌లో ఏళ్ల తరబడి విదేశీ వార్తలు తెలుగు చేసినదాన్ని, అందుకే ఇది గట్టిగా చెప్పగలను. రోమ్ నుంచి ఏజెన్సీ కాపీ, అంటే వార్తా సంస్థ పంపే వార్త, రాత్రిపూట వస్తుంది. మనకుండే జాగా సింగిల్ కాలమ్. కింది నుంచి పేరాలు లేపేస్తూ వస్తాం. 'అయితే వివాహంపై బోధ మారలేదు' అన్న వాక్యం చాలాసార్లు ఆ కింది పేరాల్లోనే ఉంటుంది. తొందర ఒక్కటే కారణమైతే క్షమించవచ్చు. కానీ చర్చి అంటే పాతకాలపు కట్టడి, అప్పటి పోపు ఫ్రాన్సిస్ అంటే దాన్ని బద్దలు కొట్టే హీరో అని కథ ముందే రాసిపెట్టుకుని, ఆయన మాటల్లోంచి దానికి పనికొచ్చేవే ఏరుకుంటే అది పక్షపాతమే.

మీ అబ్బాయి దాచుకున్న వార్త 2023 డిసెంబర్ 18న వాటికన్ విడుదల చేసిన 'ఫిదూచియా సుప్లికాన్స్' అనే పత్రం గురించి. విశ్వాస సిద్ధాంత విభాగం అధిపతి కార్డినల్ ఫెర్నాండెజ్ వెలువరించారు, పోపుగారు ఆమోదించారు. స్వలింగ జంట వచ్చి దీవించమని అడిగితే గురువు (ఫాదర్) దీవించవచ్చని అందులో ఉంది. అది కొత్త సంగతే, వార్తే. ఆఫ్రికా బిషప్పులు మా దగ్గర ఇది కుదరదని 2024 జనవరిలో బాహాటంగా చెప్పారంటే ఎంత కలకలం రేగిందో చూడండి. కానీ అదే పత్రంలో, వివాహమంటే ఒక స్త్రీ, ఒక పురుషుడి మధ్య బంధమేనని మళ్లీ రాశారు. ఆ దీవెన పూజావిధిలో భాగం కాకూడదు. సివిల్ యూనియన్, అంటే పెళ్లి పేరు లేకుండా చట్టం గుర్తించే జంట బంధం, ఆ వేడుకతో కలిపి ఇవ్వకూడదు. పెళ్లిబట్టలు, పెళ్లిలో వాడే మాటలు, సైగలు ఏవీ ఉండకూడదు. తర్వాత ఇచ్చిన వివరణలో, పది పదిహేను సెకన్లలో అయిపోయే ప్రార్థన ఎలా ఉంటుందో నమూనా కూడా చూపారు. దీన్ని 'పెళ్లికి పచ్చజెండా' అనడం తప్పు.

అంతకు దాదాపు మూడేళ్ల ముందు దీనికి తలకిందులుగా జరిగింది. స్వలింగ బంధాలను దీవించే అధికారం చర్చికి లేదని 2021 మార్చిలో అదే విభాగం చెప్పింది. అందులోనే, దేవుని చిత్తానికి లోబడి బతకాలనుకునే వ్యక్తులను విడిగా దీవించడానికి అడ్డు లేదనీ ఉంది. ఆ రెండో మాట ఎన్ని హెడ్డింగుల్లో కనిపించింది?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది 2020 అక్టోబర్ సంగతి. పోపుగారి మీద తీసిన 'ఫ్రాన్సెస్కో' అనే డాక్యుమెంటరీ రోమ్‌లో విడుదలైంది. స్వలింగ సంపర్కులు దేవుని బిడ్డలు, వారికి కుటుంబంలో ఉండే హక్కుంది, ఎవరినీ ఇంట్లోంచి గెంటకూడదు, వారికి చట్టపరమైన రక్షణ కావాలి అని పోపుగారు వరసగా అన్నట్టు అందులో కనిపిస్తుంది. 'కుటుంబం హక్కు' అంటే పెళ్లిచేసుకుని పిల్లలను పెంచుకునే హక్కు అని చాలామంది అర్థం చేసుకున్నారు. ఆ మాటలు 2019లో మెక్సికో టీవీ విలేఖరికి ఇచ్చిన ఇంటర్వ్యూలోవి. వేర్వేరు ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను అతికించారు. కుటుంబం మాట ఆయన అన్నది, కన్నవాళ్లు పిల్లల్ని వదిలేయకూడదని. చట్టపరమైన రక్షణ మాట అర్జెంటీనాలో తాను ఆర్చిబిషప్‌గా ఉన్నప్పటి చర్చ గురించి. ఇది స్వలింగ చర్యలను ఆమోదించడం కాదని కూడా ఆయన అన్నారు, సినిమాలో ఆ ముక్క లేదు. అలాగని తప్పంతా సినిమావాళ్లదే అనలేను. చట్టం గురించి ఆయన అన్నది 2019 ప్రసారంలో రాలేదు, జనానికి మొదటిసారి తెలిసింది ఈ సినిమాలోనే. కెమెరాలో పడినప్పుడే మొత్తం బయటపెట్టి ఉంటే ఇంత గొడవ జరిగేది కాదు.

చెల్లీ, ఆ కత్తిరింపులో పోయిన అర్థం మీ ఇంటికి పంపిన ఉత్తరం లాంటిది. కొడుకుని పండక్కి రావద్దనే తండ్రి గురించే ఆయన మాట్లాడారు.

మీవారికి యూట్యూబు ప్రసంగం బదులు శ్రీసభ సత్యోపదేశ గ్రంథం (కతోలిక బోధలన్నీ ఒకచోట ఉన్న పుస్తకం) తెచ్చి ఇవ్వండి. 2357 నుంచి 2359 వరకు మూడే మూడు పేరాలు. స్వలింగ చర్యలు తగనివని, ఆ మొగ్గు ఉన్నవారూ శుద్ధ జీవితానికి పిలువబడ్డారని అందులో ఉంది. అది దాచను. మీ అబ్బాయి కూడా అది చదవాలి, కష్టంగా ఉంటుంది, ఒప్పుకోకపోవచ్చు. అక్కడే 2358లో, వారిని గౌరవంతో, కనికరంతో, సున్నితంగా స్వీకరించాలని, అన్యాయమైన వివక్ష ఏ రూపంలోనూ చూపకూడదని ఉంది. వెలివేయమని ఎక్కడా లేదు. మన దేశంలో 2013లో సుప్రీంకోర్టు, స్వలింగ సంపర్కాన్ని అప్పట్లో నేరంగా ఎంచిన 377 సెక్షన్‌ను నిలబెట్టినప్పుడు, గే వ్యక్తులను మేమెన్నడూ నేరస్తులుగా చూడలేదని ముంబయి కార్డినల్ ఆస్వాల్డ్ గ్రేషియస్ అన్నారు. మీవారికి ఇదీ చెప్పండి.

మీ విచారణ (పారిష్) గురువులనూ అడగండి, మొహమాటపడొద్దు. ఇలాంటి పత్రం వచ్చిన వారం గుడిలో ఎవరూ చదివి వినిపించకపోతే జనం టీవీ చెప్పిందే నమ్ముతారు. పండక్కి రమ్మని ఫోన్ మాత్రం ఈలోపే చేసేయండి.

ప్రశ్న: మేడమ్, నేను ఒక వెబ్‌సైట్ డెస్క్‌లో ట్రైనీని. వాటికన్ వార్తలు రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?
- జర్నలిజం విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు, చెప్పింది ఎవరో చూడు బాబూ. పోపు సంతకం ఉన్న పత్రమా, ఇంటర్వ్యూనా, విమానంలో విలేఖరులతో అన్న మాటా? మూడింటికీ ఒకే బరువు ఉండదు. 2013 జులైలో రియో నుంచి తిరిగొస్తూ విమానంలో ఫ్రాన్సిస్ గారన్న 'తీర్పు చెప్పడానికి నేనెవరిని' ప్రపంచమంతా మోగింది. దాని ముందున్న 'గే వ్యక్తి మంచి మనసుతో ప్రభువును వెతుకుతుంటే' అన్న షరతు, వెంటనే ఆయన సత్యోపదేశాన్ని ప్రస్తావించడం చాలా కాపీల్లో ఎగిరిపోయాయి. ఆ సంభాషణల పూర్తి పాఠం వాటికన్ వెబ్‌సైట్లో పెడతారు. ఏజెన్సీ కాపీ పక్కన దాన్ని తెరిచి పెట్టుకుని, కోట్‌కు ముందు వాక్యం, తర్వాతి వాక్యం చదివాకే హెడ్డింగ్ పెట్టు.