నడుము నొప్పితో మంచాన పడతానా?

ప్రశ్న: నా వయసు 43. మూడు నెలలుగా నడుము నొప్పి. ఎంఆర్‌ఐలో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని దిండులాంటి భాగం) ఉబ్బిందని వచ్చింది. అది చూసినప్పటి నుంచి వంగాలంటే భయం. ఆఫీసుకు సెలవు పెట్టి పడుకునే ఉంటున్నాను. రాత్రిళ్లు నిద్ర లేదు. ఇక మామూలు మనిషిని కాలేనేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చెప్పినవాటిలో నాకు డిస్క్ కన్నా మీ భయం, నిద్రలేమి, సెలవే ఎక్కువ ఆందోళన కలిగించాయి. నొప్పి ఏమీ లేని 40 ఏళ్లవారికి స్కాన్ తీసినా దాదాపు సగం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. అందుకే రిపోర్టు ఒక్కటే చూసి ఎవరు కోలుకుంటారో, ఎవరు మంచానికి పరిమితమవుతారో చెప్పలేం.

నడుము నొప్పి ఎవరిని ఎక్కువ కాలం ఇబ్బంది పెడుతుందో అంచనా వేయడానికి డాక్టర్లు వాడే ‘స్టార్ట్ బ్యాక్’ అనే ప్రశ్నావళి ఉంది. అందులో 9 ప్రశ్నలుంటాయి. స్కాన్ ఊసే ఉండదు. నొప్పి కాలిలోకి పాకిందా, బట్టలు వేసుకోవడానికి ఎక్కువసేపు పడుతోందా వంటివి కొన్ని. మిగతావి కదిలితే ప్రమాదమని అనుకుంటున్నారా, ఇది ఎప్పటికీ తగ్గదనిపిస్తోందా, ఇష్టమైన పనులపై ఆసక్తి పోయిందా అని అడుగుతాయి. ‘కదిలితే దెబ్బతింటుంది’ అని నమ్మినవారు కదలడం మానేస్తారు. దాంతో కండరాలు బలహీనపడతాయి, చిన్న పనికే నొప్పి వస్తుంది, భయం ఇంకా బలపడుతుంది. మీరిప్పుడు సరిగ్గా ఈ దారిలోనే ఉన్నారు. ఇంకా లోతుకు పోకముందే బయటపడాలి.

మొదట్లోనే నొప్పి తీవ్రంగా ఉండటం, గతంలోనూ రావడం, పొగతాగడం, ఊబకాయం, బరువులెత్తే పని, ఉద్యోగంలో అసంతృప్తి కూడా నొప్పి ఎక్కువ కాలం ఉండిపోయే ముప్పు పెంచుతాయి. ఇవేవీ తలరాతలు కావు, చాలావాటిని మార్చుకోవచ్చు.

రోజూ కాసేపు నడవండి. కొద్దికొద్దిగా పెంచండి. కాస్త నొప్పి తెలిసినంత మాత్రాన వెన్నెముక దెబ్బతింటున్నట్టు కాదు. ఫిజియోథెరపిస్టు దగ్గర వంగడం, బరువెత్తడం మళ్లీ అలవాటు చేసుకోండి. నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగకుండా, వీలైతే తేలికపాటి పనితో ఆఫీసుకు వెళ్లండి. నిద్రలేమి, దిగులు గురించి మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వాటికి చికిత్స చేయడం నడుముకు చికిత్స చేయడంలో భాగమే.

మూత్రం ఆగిపోయినా, మల మూత్రాలపై అదుపు తప్పినా, తొడల మధ్య మొద్దుబారినా, కాళ్లలో బలం తగ్గిపోతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉన్నా డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయొద్దు.