బ్రూనోని ఉంచుకుంటానన్నావట

చి॥ల॥సౌ॥ స్వాతికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్‌లో రెండు సంగతులు చెప్పింది. మీ ల్యాబ్రడార్ కుక్క బ్రూనో ఈమధ్య మీ మూడేళ్ళ బుడ్డోడి మీదకెక్కి పట్టుకుంటోందని ఒకటి. దాన్ని ఊళ్ళో పొలం దగ్గర వదిలేద్దామని ఇంటిల్లిపాదీ అంటే, "విత్తులు తీసే ఆపరేషన్ చేయిస్తాను, ఇద్దరూ నా దగ్గరే ఉంటారు" అని నువ్వు ఒక్కదానివే నిలబడ్డావని ఇంకోటి. నోరులేని జీవి తరఫున మాట్లాడినందుకు నిన్ను తలుచుకుంటే గర్వంగా ఉంది తల్లీ. కానీ ఆపరేషన్ అయితే అన్నీ సర్దుకుంటాయని అనుకుంటున్నావే, అక్కడే నాకు భయం పట్టుకుంది. పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్‌గా ఉద్యోగమంతా గడిపాను. అలా అనుకుని ఇంటికెళ్ళినవాళ్ళు మళ్ళీ అదే కుక్కతో రావడం చాలాసార్లు చూశాను. ఫోన్‌లో చెబితే "సరే మావయ్యా" అని పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. అల్లుడుగారికి కూడా చదివి వినిపించు.

ముందు ఆ మీదకెక్కడం సంగతి. మీ అత్తగారు సిగ్గుపడుతున్నారట, అల్లుడుగారికి కోపం వస్తోందట, మీ మరిది వీడియో తీసి నవ్వుతున్నాడట. మూడూ పనికిరావు. విత్తులున్న రెండేళ్ళ మగకుక్కకి ఆ యావ ఉంటుంది, కాదనను. కానీ పిల్లాడి మీదకెక్కిన ప్రతిసారీ ఆ యావతోనే అనుకోకు. సాయంత్రం బుడ్డోడు ప్లేస్కూల్ నుంచి వచ్చి కేకలేస్తూ హాల్లో పరిగెడతాడు. అదే టైముకి అల్లుడుగారి బండి చప్పుడు వినిపిస్తుంది. కుక్కకి పట్టలేని హుషారు వస్తుంది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఆ పని చేస్తుంది. టెన్షన్ పడినా అదే చేస్తుంది. ఆపరేషన్ అయిన కుక్కలు చేస్తాయి, ఆడకుక్కలు కూడా చేస్తాయి. అందుకే కొట్టొద్దు, అరవొద్దు. అరిస్తే నువ్వు కూడా ఆటలో కలిశావనుకుంటుంది.

నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు దాని మెడబెల్టుకి చిన్న తాడు కట్టి వేలాడనివ్వు. పిల్లాడి వెనక చేరి చుట్టూ తిరగడం మొదలుపెట్టగానే, ఎక్కాక కాదు, ఆ తాడు పట్టుకుని నిదానంగా పక్కకి తీసుకురా. "కూర్చో" అను. కూర్చుంటే మెచ్చుకుని ఏదన్నా తినిపించు. మళ్ళీ అటే పోతే రెండు నిమిషాలు పక్క గదిలో ఉంచు. అది శిక్ష అనుకోకు, హుషారు దిగడానికి. బుడ్డోడు ఇంటికొచ్చే ముందే దాన్ని ఒకసారి నడిపించుకుని రా. ఎండాకాలం మీ విజయవాడ పటమట రోడ్ల మీద సాయంత్రం నాలుగింటికి దాని పాదాలు కాలిపోతాయి కాబట్టి ఆ నెలల్లో నడక తెల్లవారుజామునే. సాయంత్రానికి పాత తువ్వాల్లో దాని తిండి కొంచెం చుట్టి ఇస్తే ఇంట్లోనే వెతుక్కుని అలిసిపోతుంది. పిల్లాడికి కూడా ఒకటి నేర్పు. బ్రూనో మీదకొస్తే పరిగెత్తకూడదు, అరవకూడదు, చేతులు కట్టుకుని కదలకుండా నిలబడి అమ్మని పిలవాలి. ఆటలా రోజూ చేయించు. అయితే మూడేళ్ళవాడికి గుర్తుంటుందని మాత్రం నమ్మకు. గుర్తుపెట్టుకోవాల్సింది నువ్వు.

బ్రూనో గోడల మీద ఒంటికి పోస్తే అక్కడ వాసన పోయేదాకా కడుగు.

ఇప్పుడు అసలు మాట. పెద్దవాళ్ళు ఒకరు కళ్ళెదుట లేకుండా ఆ ఇద్దర్నీ ఒక గదిలో ఉంచకు. పాలు దింపడానికి వెళ్ళినా, కొరియర్ వాడు బెల్ కొట్టినా, ఇద్దర్లో ఒకర్ని నీతో తీసుకెళ్ళు. "మా బ్రూనో ఏమీ అనదు మావయ్యా" అంటావని తెలుసు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి ఇంటివాళ్ళూ అదే అన్నారు. బ్రూనో 30 కిలోలు ఉంటుంది, బుడ్డోడు 13 కిలోలు కూడా ఉండడు. వాడి ముఖం సరిగ్గా దాని నోటి ఎత్తులో ఉంటుంది. ప్రేమతో మీదకెక్కి తోసినా తల వెళ్ళి టీపాయ్‌కి తగులుతుంది. వంటగది గుమ్మానికి, పడకగది గుమ్మానికి కార్పెంటర్‌తో నడుమెత్తు చెక్క గేట్లు పెట్టించు. కుక్క తిండి గేటు అవతల. అది తింటున్నంతసేపూ అటు ఎవరూ వెళ్ళొద్దు. బుడ్డోడు బిస్కెట్ చేతిలో పట్టుకుని తిరుగుతాడు కదా, ఆ అలవాటు ఈ వారమే మాన్పించు. తినేది కూర్చునే తినాలి.

తిండి దగ్గర ఇంత పట్టుబడుతున్నానని విసుక్కోకు. మీ అమ్మ ఎడమ కనుబొమ్మ మీద సన్నటి గీత ఉంటుంది చూడు. చిన్నప్పుడు మెట్ల మీద పడ్డానని మీకు చెప్పింది. పడలేదు. అది కుక్క పన్ను.

1970 ప్రాంతం. విజయవాడ సత్యనారాయణపురంలో రైలు కట్ట పక్కన ఉండేవాళ్ళం. రాజా అని ఊరకుక్క, కూనగా ఉన్నప్పుడు మా నాన్న, అంటే మీ తాతయ్య, తెచ్చారు. మంచి కుక్క. బడి గేటు దాకా నా వెనకాలే వచ్చేది. మీ అమ్మకి అప్పుడు నాలుగేళ్ళు. అది అన్నం తింటుంటే పక్కన చతికిలబడి దాని చెవులు పట్టుకుని ఆడేది. మొదట్లో రాజా తినడం ఆపి బిగుసుకుపోయేది. తర్వాత తర్వాత గుర్రుమనడం మొదలుపెట్టింది. గుర్రుమన్నప్పుడల్లా నాన్న కర్ర తీసేవారు. "పసిపిల్ల మీద గుర్రుమంటావా" అని ఒక్కటి వేసేవారు. కొన్నాళ్ళకి గుర్రుమనడం మానేసింది. దానికి బుద్ధొచ్చిందని ఇంట్లో అందరం అనుకున్నాం. పక్కింటివాళ్ళ కుక్కకి కూడా అదే చెయ్యమని నాన్న చెప్పారు.

దానికి బుద్ధి రాలేదు స్వాతీ. చెప్పడం మానేసింది, అంతే. పిల్ల తన తిండి లాక్కుంటుందేమో అన్న భయం దానికి అలాగే ఉంది. పైగా పిల్ల దగ్గరికొస్తే వీపు మీద కర్ర పడుతుందన్న భయం కొత్తగా చేరింది. ఒక మధ్యాహ్నం మీ అమ్మ ఎప్పట్లాగే దాని పక్కన కూర్చుంది. చిన్న చప్పుడు కూడా లేదు. మేము వినేసరికి పిల్ల ఏడుపే విన్నాం. కన్ను పోలేదు, వేలెడు కిందికి దిగితే పోయేది.

ఇంటి పక్కావిడ గాయంలో పసుపు అద్దింది. నాన్న కోపంతో ఊగిపోయి, అదే సాయంత్రం రాజాని రిక్షాలో వేసుకుని, బ్యారేజీ దాటించి సీతానగరం అవతల వదిలేసి వచ్చారు. మర్నాడు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "కుక్క ఎక్కడుంది?" అని. 10 రోజులు కట్టేసి చూడాలి, అది ఆరోగ్యంగా ఉంటే రేబిస్ సూదులు మధ్యలో ఆపేయొచ్చు అన్నారు. నాన్న తల వంచుకున్నారు. కుక్క లేదు కాబట్టి మీ అమ్మకి పూర్తిగా 14 సూదులు వేశారు, రోజుకొకటి, బొడ్డు చుట్టూ. ఆ మందు గొర్రె మెదడు నుంచి తయారుచేసేవాళ్ళు. పొట్ట వాచిపోయేది. ఆసుపత్రి గేటు కనపడగానే మీ అమ్మమ్మ భుజం కొరికేసేది పిల్ల. మన దేశంలో ఆ మందు తయారీ 2004 చివర్లో ఆపేశారని పేపర్లో చదివినరోజు మీ అమ్మకి ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు తను.

మళ్ళీ రాజా కావాలని కూడా మీ అమ్మ అంతే ఏడ్చింది. తర్వాత ఒక ఆదివారం నాన్న నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని సీతానగరం అంతా తిరిగారు. దొరకలేదు. నాన్న చెడ్డవారు కాదు. కుక్కని అలాగే దారిలో పెట్టాలని ఆ రోజుల్లో అందరూ అనుకునేవాళ్ళు. ఆయన మీద మాట రాకూడదనే మీ అమ్మ ఇన్నేళ్ళూ మెట్ల కథ చెప్పింది. ఇది నీకు రాయడానికి తనని అడిగాను. "రాయన్నయ్యా, దానికి తెలియాలి" అంది.

అందుకని, బ్రూనో ఎప్పుడన్నా గుర్రుమంటే దాని మీద చెయ్యెత్తకు. నోటితో కూడా ఏమీ అనకు. బుడ్డోణ్ణి పక్కకి తీసుకో, ఎందుకు గుర్రుమందో తర్వాత ఆలోచించు. గుర్రుమనడానికి ముందు కూడా అది కొన్ని చెబుతుంది. ముఖం అటు తిప్పుకోవడం, తిండి లేకపోయినా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంట్లో తెల్లగుడ్డు ఓరగా కనపడటం, ఒళ్ళు బిగుసుకోవడం. పిల్లాడు దాన్ని వాటేసుకున్న ఫోటోలు మీ అమ్మ చూపించింది. ముద్దొచ్చే ఫోటోలే. కానీ రెండింటిలో బ్రూనో ముఖం తిప్పుకుని ఉంది. వాటేసుకోవడం కుక్కలకి మనం అనుకున్నంత ఇష్టం కాదు. వీపు మీద చెయ్యేసి నిమరడం చాలు. ఎన్నడూ లేనిది ఒక్కసారిగా కోపం వస్తుంటే చెవుల్లో చీము గానీ, తుంటిలో నొప్పి గానీ ఉందేమో ముందు చూపించు. ల్యాబ్రడార్లకి తుంటి కీళ్ళ బాధ మామూలే.

ఇంత చేశాక కూడా కరిస్తే, పన్ను గీరుకున్నా సరే, ఏం చెయ్యాలో ఈ పేరాలో ఉంది, ఫ్రిజ్ మీద అంటించుకో. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టొద్దు, ఎవరు చెప్పినా. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. ఇప్పుడు బొడ్డు చుట్టూ కాదు, భుజం దగ్గర చర్మంలోకి, మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి. రక్తం వస్తే గాయంలో, దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే మందు) కూడా ఆ రోజే వెయ్యాలి, ముఖం మీదైతే మరీ ముఖ్యం, నువ్వే నోరు తెరిచి అడుగు. బ్రూనోకి టీకా వేయించాం కదా అని ఆగిపోకు, డాక్టరు చూశాకే ఏదైనా. దాన్ని మాత్రం 10 రోజులు ఇంట్లోనే ఉంచి గమనించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించుకోవడం మన చేతుల్లో ఉండదు. దీని గురించి నాతో వాదించకు.

దాని రేబిస్ టీకా ఏడాదికోసారి, నట్టల మందు మూడు నెలలకోసారి, గోమార్ల మందు డాక్టరు చెప్పినట్టు. ఇవి నీకు తెలిసినవే.

ఇక ఆపరేషన్. మగకుక్కకి అన్యాయం చేస్తున్నామని అల్లుడుగారు బాధపడుతున్నారట. ఆయన మంచి మనసు నాకు తెలుసు. కానీ అక్టోబరులో చిత్తకార్తె వస్తే చూడమను. వీధి చివర ఆడకుక్క ఎదకొస్తే దాని వాసనకి బ్రూనో తిండి మానేసి, రాత్రంతా ఏడ్చి, తలుపు గీరుతుంది. దానికి అసలు బాధ అది. తలుపు సందు దొరికితే దూసుకుపోతుంది, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో పడుతుంది, లేదా వీధి కుక్కలతో కొట్లాడుతుంది. అలా కొట్లాడుతున్నప్పుడు మధ్యలో చెయ్యి పెట్టినవాళ్ళని, ఎవరని చూడకుండా కరుస్తుంది. విత్తులు తీసేస్తే ఈ తిరుగుడు, గోడల మీద పోయడం, మీదకెక్కడం చాలా కుక్కల్లో బాగా తగ్గుతాయి. అన్నిట్లోనూ పూర్తిగా పోవు. అలవాటైపోయిన పని ఒంట్లో హార్మోన్ తగ్గాక కూడా కొన్నాళ్ళు సాగుతుంది. తిండి దగ్గర కాపలా, భయంతో వచ్చే కోపం మాత్రం ఆపరేషన్‌తో తగ్గుతాయని లెక్కపెట్టుకోకు. పిరికి కుక్కల్లో ఒక్కోసారి భయం పెరుగుతుంది కూడా. బ్రూనో దీపావళి టపాసులకి మంచం కింద దూరుతుందని డాక్టరుకి చెప్పు, చెప్పకుండా ఉండకు.

వయసు సరిపోయింది, పెద్దజాతి కుక్క కాబట్టి ఎదుగుదల అయ్యేదాకా ఆగడమే మంచిదైంది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడ అడుగు. చిత్తకార్తెకి ముందే చేయిస్తే మంచిది. తర్వాత నెలపైన ఆడకుక్కల దగ్గరికి పోనివ్వకు, అప్పటిదాకా కూనలు పుట్టే అవకాశం ఉంటుంది. కుట్లు నాకకుండా మెడకి గరాటు కడతారు. అది తగిలించుకుని తిరిగే రోజుల్లో దానికి చికాకు ఎక్కువ, పిల్లాణ్ణి అసలే దగ్గరికి రానివ్వకు. ఆపరేషన్ అయ్యాక తిండి కొంచెం తగ్గించు, ల్యాబ్రడార్లు ఇట్టే లావెక్కుతాయి.

ఇవన్నీ చేసి కూడా ఇంట్లో రోజూ భయంభయంగానే ఉంటే నాకు ఫోన్ చెయ్యి. పిల్లలు లేని మంచి ఇల్లు నేను వెతుకుతాను. అప్పుడు నిన్ను ఎవరూ ఒక్క మాట అనకుండా చూసే పూచీ నాది. పొలం దగ్గరికి, రోడ్డు మీదకి మాత్రం పంపించవద్దు.

ఆపరేషన్ రోజుకి నేనూ మీ అత్తయ్యా గుంటూరు నుంచి పొద్దున్నే వచ్చేస్తాం. మీ అత్తయ్య బుడ్డోడి దగ్గర ఉంటుంది, నేను నీతో గన్నవరం వస్తాను. మత్తు ఇస్తారు కాబట్టి ముందు రాత్రి భోజనం ఎన్నింటికి ఆపాలో డాక్టర్ని అడిగి రాసిపెట్టుకో. పొద్దున లేచాక బుడ్డోడి చేతికి బిస్కెట్ ప్యాకెట్ అందకుండా పైన పెట్టు. వాడు దానికి ఒకటి పెట్టేస్తాడు.

ఆశీస్సులతో,
మీ మావయ్య
బ్రాడీపేట, గుంటూరు