ముందు భుజం చూడండి, వయసు సంగతి తర్వాత

దుస్తులు, అలంకరణపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాకు అరవై ఒకటి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బూడిద రంగు, గోధుమ రంగు, మీగడ తెలుపు తప్ప ఇంకోటి వేసుకోలేదు. రిటైరయ్యాక సరదాపడి రాణీ రంగు సిల్కు కుర్తా కొనుక్కున్నాను. చూడగానే మా అమ్మాయి "ఈ వయసులో ఇదేంటమ్మా!" అంది. అప్పట్నుంచి అది బీరువాలోనే ఉంది. వేసుకోవాలనీ ఉంది, నవ్వుతారేమోనన్న బెరుకూ ఉంది. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: వేసుకోండి. జవాబు ఇంతే గానీ, మీ అమ్మాయి మాటను ఒకసారి విప్పి చూద్దాం. ఆమెకు నచ్చనిది రంగా, ఫిట్టింగా? ఆమెకే తెలిసుండదు. కత్తెరతో బతికినదాన్ని కాబట్టి చెబుతున్నాను, "ఈ వయసులో ఇదేంటి" అన్న మాట వచ్చిన చోట చాలాసార్లు అసలు తేడా భుజం కుట్టు దగ్గరే ఉంటుంది. ఆ కుట్టు భుజం దాటి చేతిమీదికి జారిందంటే ఎంత మంచి సిల్కైనా ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్నట్టుంటుంది. అదే జారుడు భుజం ఇరవై ఏళ్ల పిల్ల వేసుకుంటే ఫ్యాషన్ అంటారు, మనం వేసుకుంటే వయసు అంటారు. అన్యాయమే, ఏం చేస్తాం!

కుర్తా వేసుకుని అద్దం ముందు నిలబడండి. చేతులు కిందికి వదిలేసి, భుజం కొసన ఉండే ఎముకను వేలితో తడమండి. కుట్టు సరిగ్గా అక్కడుండాలి. తర్వాత పై అరలో డబ్బా అందుకోబోతున్నట్టు రెండు చేతులూ ఎత్తండి. చేతులతోపాటు కుర్తా మొత్తం పైకి లేచిందంటే ఆర్మ్‌హోల్, అంటే చెయ్యి దూర్చడానికి చంక దగ్గర కోసే చోటు, మరీ కిందికి కోశారన్నమాట. లూజుగా ఉంటే సుఖమనుకుంటాం గానీ ఆర్మ్‌హోల్ దగ్గర లెక్క తిరగబడుతుంది. చంకకు దగ్గరగా, ఎత్తుగా కోసినప్పుడే చెయ్యి స్వేచ్ఛగా లేస్తుంది, మిగతా బట్ట కదలకుండా ఉంటుంది. భుజం జారితే దర్జీ సరిచేయగలడు. ఆర్మ్‌హోల్ కిందికి కోసేస్తే మాత్రం మళ్లీ పైకి తేవడానికి బట్ట ఎక్కణ్నుంచి వస్తుంది? కాబట్టి ఇకమీదట కొనేముందే చేతులెత్తి చూడండి. ట్రయల్ రూములో ఎవరూ చూడరు.

ఆర్మ్‌హోల్ విషయంలో ఫ్రెంచి డిజైనర్ కోకో షనేల్‌ది మహా పట్టింపు. 1939లో మూసేసిన తన ఫ్యాషన్ హౌస్‌ను ఆవిడ మళ్లీ తెరిచింది 1954లో, డెబ్బై ఏళ్ల వయసులో. ఆ మొదటి ప్రదర్శనను ఫ్రెంచి పత్రికలు చీల్చి చెండాడాయి, పాతకాలం సరుకన్నాయి. ఆవిడ పట్టించుకోకుండా తన కోట్లు తాను కుట్టించుకుంటూ పోయింది. ఆర్మ్‌హోల్ ఎత్తుగా కోయించేది. కోటు కింది అంచులో లోపలివైపు సన్నటి గొలుసు కుట్టించేది, ఆ బరువుకు బట్ట ముడుచుకోకుండా తిన్నగా వేలాడుతుందని. వేసుకున్నవాళ్లకు తప్ప ఆ గొలుసు సంగతి ఇంకొకరికి తెలియదు. నాకు ఫ్యాషన్‌లో అన్నిటికన్నా ముచ్చటేసేది ఇలాంటి పనే.

ఇక రంగు. జుట్టు నల్లగా ఉన్నన్నాళ్లూ బూడిద రంగు, గోధుమ రంగు మీకు నప్పే ఉంటాయి, ఎందుకంటే ముఖం చుట్టూ నలుపు గీత గీసినట్టుండేది. జుట్టు నెరిసేకొద్దీ ఆ గీత పలచబడుతుంది. అప్పుడు అదే బూడిద రంగు బట్ట వేసుకుంటే జుట్టూ ముఖమూ బట్టా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. చూసినవాళ్లు "ఏంటలా నీరసంగా ఉన్నావు, ఒంట్లో బాగోలేదా?" అంటారు. ఆ లెక్కన రాణీ రంగు మీకు నలభయ్యోయేట కన్నా ఇప్పుడే ఎక్కువ నప్పాలి. నామీద నమ్మకం లేకపోతే పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చుని, కుర్తాను గడ్డం కింద పట్టుకుని, కళ్లు మూసి తెరవండి. అద్దంలో మొదట ముఖం కనిపిస్తే ఇక అనుమానమే లేదు. బట్టే మీదికి దూకితే మెడ దగ్గర మీ పాత మీగడ రంగు స్కార్ఫ్ ఒకటి వేసుకోండి, దూకుడు తగ్గుతుంది.

ఇంకా బెరుగ్గా ఉంటే, ముదిమిలోనూ తన వేషధారణతో పేరు తెచ్చుకున్న అమెరికన్ ఐరిస్ ఆప్ఫెల్ ఫొటోలు వెతికి చూడండి. ముఖంలో సగం కప్పేసే గుండ్రటి నల్ల ఫ్రేము కళ్లద్దాలు, మోచేతి దాకా గాజులు, ఒకదానికొకటి సంబంధం లేని రంగులు. ఆవిడ బట్టలూ నగలూ పెట్టి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2005లో ప్రదర్శన జరిపేనాటికి ఆవిడకు 84 ఏళ్లు. 2024లో, 102 ఏళ్ల వయసులో పోయేదాకా అలాగే తయారైంది. అందరం అలా వేసుకోవాలని నేననను. అన్ని గాజులు తొడుక్కుంటే నాకైతే కలం కదలదు.

అమ్మాయితో వాదన పెట్టుకోకండి. ఇంట్లో అద్దం ముందు వేసుకుని విప్పేస్తుంటే బెరుకు పెరుగుతుందే తప్ప తగ్గదు. కుర్తా వేసుకుని ఏదో ఒక పనిమీద బయటికెళ్లండి. పనిలో పడ్డాక ఒంటిమీద ఏ రంగుందో మీరే మర్చిపోతారు.

ప్రశ్న: నా బరువు పదేళ్లుగా ఒక్కలాగే ఉంది. అయినా పాత ప్యాంట్లు నడుం దగ్గర పట్టడం లేదు, టాపులేమో వెనక పైకి లేచిపోతున్నాయి. దర్జీని మార్చాలా?

జవాబు: పాపం, దర్జీనేం అనకండి. నెలసరి ఆగిపోయాక తుంటి, తొడల దగ్గరుండే కొవ్వు పొట్ట వైపు చేరుతుంది. బరువుకాటాకు ఆ సంగతి తెలియదు. వయసుతోపాటు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు పలచబడి ఎత్తు కొంచెం తగ్గుతుంది, వీపు పైభాగం కాస్త వంగుతుంది. వంగిన వీపుకు బట్ట ఎక్కువ కావాలి, ముందువైపు తక్కువ చాలు. పాత కొలతతో కుడితే వెనక అంచు పైకి లేస్తుంది, మెడ వెనక్కి లాగుతుంది.

అందుకని పాత ఆది ఇచ్చి "ఇలాగే కుట్టు" అనడం మానేయండి. కొత్తగా కొలతలు ఇవ్వండి. మెడ వెనక ఎముక నుంచి నడుం దాకా ఒకసారి, ముందువైపు భుజం నుంచి నడుం దాకా ఒకసారి, వేర్వేరుగా టేపు పెట్టమనండి. కొలత ఇచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోకండి, మామూలుగా నిలబడండి. ప్యాంట్లకు ముందు పట్టీ సాదాగా ఉంచి, వెనక మాత్రం వెడల్పాటి ఎలాస్టిక్ వేయించుకుంటే కూర్చున్నా నిలబడ్డా బాధ ఉండదు. బ్రా సైజూ మళ్లీ చూసుకోండి. అది సరిగా లేకపోతే పైన ఏం కుట్టించినా నిలబడదు.

ఇంకో మాట. ఎత్తు గబగబా తగ్గుతోందనిపించినా, వీపు వంపు త్వరత్వరగా పెరుగుతున్నా ముందు డాక్టర్‌కు చూపించండి. ఎముకలు గుల్లబారుతున్నాయేమో పరీక్ష చేస్తారు.

ప్రశ్న: ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లొచ్చి చెమటలు పట్టేస్తున్నాయి. నలుగురిలో ఉన్నప్పుడు మరీ సిగ్గుగా ఉంటోంది. ఎలాంటి బట్టలు మంచివి?

జవాబు: లోపల ఒంటికి తగిలేది నూలో, లినెనో అయ్యుండాలి. గాలిలో మామూలు తేమ ఉన్నప్పుడు పాలిస్టర్ తన బరువులో దాదాపు 0.4 శాతం తేమనే పట్టుకుంటుంది. నూలు 8 శాతం దాకా, లినెన్ 12 దాకా పట్టుకుంటాయి. పాలిస్టర్ చొక్కాలో చెమట ఒంటికే అతుక్కుని ఉండిపోయేది అందుకే. లేబుల్ తిప్పి చదవండి. "కాటన్ ఫీల్" అని ముందు పెద్దక్షరాలతో ఉన్నది లోపల పూర్తి పాలిస్టరే కావచ్చు.

చెమట మరక అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించేది లేత బూడిద రంగు మీద. తెలుపు, బాగా ముదురు రంగులు, చిన్న చిన్న పువ్వుల ప్రింట్లు దాన్ని దాచేస్తాయి. తలమీంచి తీయాల్సినవాటి కన్నా ముందు గుండీలున్నవి తొడుక్కుంటే, వేడెక్కగానే పైది విప్పి కుర్చీకి తగిలించొచ్చు. సిగ్గు మాటకొస్తే, ఆ గదిలో మన వయసు వాళ్లెవరైనా ఉంటే ఇవి నెలసరి ఆగే వయసు ఆవిర్లని వాళ్లకు ఎటూ అర్థమైపోతుంది.

ప్రశ్న: నల్ల ప్యాంటు అనుకుని ముదురు నీలం ప్యాంటు వేసుకుని, నల్ల కోటుతో వెళ్లిపోయాను. రెండోసారి ఇలా జరగడం. కళ్లు పాడయ్యాయా?

జవాబు: వయసు మీద పడేకొద్దీ కంటి లెన్సు పసుపు రంగుకు తిరుగుతుంది, నీలి కాంతిని సరిగా లోపలికి రానివ్వదు. దాంతో ముదురు నీలం, నలుపు ఒకటిగానే అనిపిస్తాయి. చాలామందికి ఉన్నదే. చూపు మసకబారుతున్నట్టో, దీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నట్టో ఉంటే మాత్రం కంటి డాక్టర్‌ను కలవండి. బట్టలు పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టి వేరుచేసుకోండి. నీలం వాటన్నిటికీ నడుం పట్టీ లోపలివైపు లావు తెల్ల దారంతో ఒక ముడి వేసుకోండి. పొద్దున్నే తొందరలో లైటు వేయకపోయినా వేలికి తగులుతుంది.