రెండు కణితులూ ఒకే జబ్బు కావాలనేమీ లేదు

మీ అమ్మగారి ఎంఆర్‌ఐలో పాత మెనింజియోమాతో (మెదడు పొరల్లో వచ్చే కణితితో) పాటు మరో కణితి కనిపించిందనీ, మొదటిదే పాకి ఇలా అయిందా అనీ అడిగారు. నేను డాక్టరును కాను; మా పెద్దమ్మకు ఇదే పరిస్థితి ఎదురైనప్పుడు ఆమె వెంట ఆస్పత్రులకు తిరిగినదాన్ని.

పెద్దమ్మకు నుదుటి వెనుక చిన్న మెనింజియోమా ఉండేది. నెమ్మదిగా పెరిగే రకమనీ, ఏడాదికోసారి స్కాన్ చేయిస్తే చాలనీ చెప్పారు. కొంతకాలానికి మాట తడబడటం మొదలైతే మళ్లీ స్కాన్ తీశారు. కణితులు స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చాక పాతది అంతటా ఒకే తీరుగా తెల్లగా కనబడింది; ఎడమ చెవి పైభాగాన, మెదడు లోపలున్న కొత్తది మాత్రం నడుమ నల్లగా ఉండి అంచు ఉంగరంలా వెలిగింది, దాని చుట్టూ వాపు కూడా ఎక్కువగా ఉంది. న్యూరోసర్జన్ తెర మీద రెంటినీ చూపిస్తూ "ఇవి ఒక తల్లి పిల్లలు కావమ్మా" అన్నారు. బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్షలో) కొత్తది గ్లయోబ్లాస్టోమా, అంటే వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్ అని తేలింది.

మెనింజియోమా మెదడును కప్పి ఉంచే పొరల నుంచి పుడుతుంది, గ్లయోబ్లాస్టోమా మెదడు కణజాలంలోనే పుడుతుంది. ఒకటి మరొకటిగా మారదు. పెద్దవయసులో మెనింజియోమాలు మామూలే కనుక, చాలామందిలో ఈ కలయిక యాదృచ్ఛికమేనని మాకు వివరించారు. అయినా చిన్నప్పుడు తలకు రేడియేషన్ ఇచ్చారా, ఇంట్లో ఎవరికైనా రెండు చెవుల నరాల మీద కణితులు వచ్చాయా అని అడిగారు. రెండో ప్రశ్న న్యూరోఫైబ్రోమాటోసిస్ టైప్ 2 కోసం. 22వ క్రోమోజోము మీది జన్యులోపం వల్ల వచ్చే ఆ జబ్బులో ఒకే మనిషికి రకరకాల కణితులు రావచ్చు. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలోనైతే కొత్త కణితి అక్కడి నుంచి వచ్చిందేమో చూడాలి. అరుదుగా ఆ క్యాన్సర్ నేరుగా మెనింజియోమా లోపలికే చేరుతుందట, వినగానే నమ్మబుద్ధి కాలేదు.

చికిత్సను నిర్ణయించేది వేగంగా పెరిగే కణితే. పెద్దమ్మకు ఆపరేషన్ చేసి, తర్వాత ఆరు వారాల రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే కీమో మందు ఇచ్చారు. మెనింజియోమా జోలికి పోలేదు. మీ విషయంలో రెండూ తీసేటట్లయితే, రెండు ముక్కలనూ వేర్వేరు సీసాల్లో, ఏది ఎక్కడిదో రాసి ల్యాబుకు పంపమని ముందే అడగండి. పాత స్కాన్ల రిపోర్టు కాగితాలు మాత్రమే కాకుండా సీడీలు కూడా తీసుకువెళ్లండి. కొత్త కణితి ఎప్పటి నుంచి ఉందో సర్జన్ వాటిని పోల్చి చూసే చెప్పగలుగుతారు.