డీజిల్ మీద పన్ను తగ్గితే ఆ పైసలు ఎవరి జేబులోకి పోతాయో ట్రాలీ నడిపేవాళ్లను అడగండి

ప్రశ్న ఇది: పెట్రోలు రేటు మరీ పెరిగినప్పుడు అమెరికాలో కొన్ని రాష్ట్రాలు పన్ను కొన్నాళ్లు ఆపేశాయి కదా, మన దగ్గర కూడా అట్లా చేస్తే సామాన్యుడికి మేలు కాదా?

కాదు. హైదరాబాద్‌లో బేగంబజార్ హోల్‌సేల్ మార్కెట్‌లో కిరాణా సరుకు ఎత్తి కూకట్‌పల్లి, మియాపూర్ వైపు దుకాణాల్లో దించే పని నాది. బండి చిన్న ట్రాలీ ఆటో, అది నాదే, డ్రైవర్ని నేనే, కిస్తీలు కట్టేదీ నేనే. డీజిల్ రేటు కదిలిన రోజు మా ఇంట్లో ఆ ముచ్చట రాకుండా అన్నం తినం. అందుకే ధైర్యంగా చెప్తున్నా, పన్ను తగ్గితే వచ్చే లాభం బేరంలో ఎవరిది పైచేయి అయితే వాళ్లకే పోతుంది. మాలాంటి వాళ్లది ఎప్పుడూ పైచేయి కాదు.

2021 దీపావళి గుర్తుందా? పండుగ ముందు రోజు రాత్రి కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గించింది, పెట్రోలు మీద 5 రూపాయలు, డీజిల్ మీద 10. తెల్లారేసరికి హైదరాబాద్‌లో డీజిల్ 107.40 నుంచి 94.62కు దిగింది. తగ్గించింది పది రూపాయలే, మనకు పన్నెండు దాటి తగ్గింది. ఎందుకో కింద చెప్తా. ఇంట్లో అందరం నిజంగానే సంబరపడ్డాం.

పండుగ అయ్యి దుకాణాలు తెరిచిన పొద్దున బండి తీసుకుని గల్లీలోకి పోయాను. హమాలీలు నూనె డబ్బాలు, పసుపు బస్తాలు ఎత్తుతున్నారు. నేను తాడు బిగిస్తున్నా. సరుకు పంపే హోల్‌సేల్ సేఠ్ గల్లా దగ్గర నుంచి లేచి బయటికొచ్చిండు. మామూలుగా ఆయన లేవడు. "క్యా భాయ్, డీజిల్ పన్నెండు తగ్గింది కదా. కిరాయి వంద తగ్గించు."

అప్పటికి కూకట్‌పల్లి కిరాయి తొమ్మిది వందలు. రానుపోను, నాంపల్లి దగ్గర, ఎర్రగడ్డ దగ్గర జామ్‌లో ఇంజన్ ఊరికే తిరిగింది కూడా కలిపితే మూడు లీటర్లు పడుతుంది. అంటే నాకు మిగిలేది నలభై రూపాయల లోపు. అదే లెక్క చెప్పాను. వింటేనా? నా బండి వెనక ఇంకో మూడు ట్రాలీలు గిరాకీ కోసం నిలబడి ఉన్నాయి. ఆయన వాటి వైపు ఒక్కసారి చూసిండు, అంతే. ఎనిమిది వందలకు ఒప్పుకుని బండి తీశాను.

కూకట్‌పల్లిలో సరుకు దించుతుంటే దుకాణం అన్న బిల్లు చూసుకుంటున్నాడు. నేను కూడా పక్కన నిలబడి చూశాను. కింద "ఆటో కిరాయి 900" అని సేఠ్ రాసిండు. నూనె డబ్బా రేటు, పప్పు రేటు పండుగకు ముందు ఎంతో అంతే. ఢిల్లీలో వదులుకున్న పన్ను హైదరాబాద్ దాకా వచ్చి ఆ ఒక్క లైన్లో ఆగిపోయింది. నాకు రాలేదు, దుకాణం అన్నకు రాలేదు, ఆయన దగ్గర పప్పు కొనే అక్కకు రాలేదు. అన్నతో చెప్తే "ఊకో తమ్మీ, నాకు ఉద్దెర ఇచ్చేది ఆ సేఠే" అన్నాడు. అన్న మాత్రం ఏం చేస్తాడు?

తర్వాత ఉత్తరప్రదేశ్ ఎన్నికలు అయ్యేదాకా రేటు కదల్లేదు. 2022 మార్చి 22న మొదలుపెట్టి పదహారు రోజుల్లో పద్నాలుగు సార్లు పెంచారు. డీజిల్ 105.49 అయ్యింది, పెట్రోలు 119.49. సేఠ్ దగ్గరికి పోయి యాభై పెంచమన్నాను. "మొన్ననే కదా తగ్గింది, మళ్లీ తగ్గుతది, ఆగు" అన్నాడు. తగ్గినప్పుడు అదే పొద్దున కోసిండు, పెరిగినప్పుడు ఆగమన్నాడు. మే నెలలో కేంద్రం మళ్లీ తగ్గించేదాకా ఆ ఎనిమిది వందలకే తిప్పాను.

ఇంకో సంగతి. ఆ రెండు తగ్గింపులను చాలామంది దయ అనుకుంటారు. 2020లో లాక్‌డౌన్ అప్పుడు ముడి చమురు రేటు నేలకు పడిపోతే, కేంద్రం మార్చిలో 3 రూపాయలు, మేలో పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 పెంచింది. బంకులో రేటు తగ్గకుండా ఆ లాభం అక్కడే తీసుకున్నారు. 2021 నవంబర్‌లో, 2022 మేలో తగ్గించింది కలిపి చూడండి, పెట్రోలుకు 13, డీజిల్‌కు 16. అంటే 2020లో పెంచినంత సరిగ్గా తిరిగి ఇచ్చారు, అంతకుమించి పైసా లేదు. తీసుకున్నది తిరిగి ఇస్తే దాన్ని మినహాయింపు అనరు.

ఇప్పుడు ఆ పన్నెండు రూపాయల సంగతి. తెలంగాణలో వ్యాట్, అంటే రాష్ట్రం వేసే పన్ను, శాతం లెక్కన ఉంటుంది, 2015 నుంచి పెట్రోలు మీద 35.2, డీజిల్ మీద 27. కేంద్రం సుంకం కలిశాక వచ్చే రేటు మీద ఈ శాతం పడుతుంది, అంటే పన్ను మీద పన్ను. కేంద్రం తగ్గిస్తే మనకు కొంచెం ఎక్కువ తగ్గుతుంది, నిజమే. కానీ చమురు కంపెనీలు రేటు పెంచినప్పుడు కూడా అంతే. ఆ పద్నాలుగు సార్లలో ఢిల్లీలో పెట్రోలు సరిగ్గా 10 రూపాయలు పెరిగితే మన దగ్గర 11.29 పెరిగింది. పెట్రోలు అదే, కానీ మనం ఢిల్లీ వాళ్లకంటే రూపాయి ఇరవై తొమ్మిది పైసలు ఎక్కువ కట్టాం. "మేం వ్యాట్ పెంచలేదు" అని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. శాతం పెంచకపోయినా రేటు పెరిగిన ప్రతిసారీ రూపాయలు వాటంతట అవే పెరిగాయి.

అమెరికా సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. అక్కడ కేంద్ర పన్ను గ్యాలన్‌కు ఇన్ని సెంట్లు అని ఉంటుంది, 1993 నుంచి 18.4 సెంట్లే. పెట్రోలు రేటు రెండింతలైనా అది కదలదు. 2022లో జార్జియా, మేరీల్యాండ్ లాంటి రాష్ట్రాలు తమ పన్ను ఆపాయి. మేరీల్యాండ్‌లో నెల రోజులే. అప్పటి అధ్యక్షుడు బైడెన్ మూడు నెలలు కేంద్ర పన్ను ఆపుదామని జూన్‌లో అడిగితే వాళ్ల పార్లమెంటు (కాంగ్రెస్) ఒప్పుకోలేదు. మనం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంటే పన్ను ఆపడం కాదు, లీటరుకు ఇన్ని రూపాయలు అని కట్టేసి పెట్టడం. ముందు ఆ పని చెయ్యమనండి.

పన్ను ఉన్నట్టుండి ఆపితే బంకుల వాళ్ల గతి కూడా చూడాలి. పన్ను కట్టి తెచ్చుకున్న నూనె ట్యాంకులో ఉండగానే తెల్లారి తక్కువ రేటుకు అమ్మాలి. ఆ నష్టం వాళ్లదే. రేటు తగ్గుతుందని గాలి వస్తే చాలు, "నో స్టాక్" బోర్డులు వేలాడతాయి. అట్లాంటి రాత్రుల్లో డీజిల్ కోసం నేను మూసాపేట నుంచి బాలానగర్ దాకా తిరిగిన రోజులున్నాయి.  బండి బుక్ చేసే యాప్‌లు ఇంకో రకం. డీజిల్ పెరిగినా తగ్గినా వాళ్ల కమీషన్ వాళ్లకు రావాల్సిందే, డ్రైవర్ మాట అడిగేవాడే ఉండడు.

ఆర్టీసీనే చూడండి. 2022 ఏప్రిల్‌లో డీజిల్ సెస్ అని టికెట్ మీద అదనంగా వేశారు. మేలో డీజిల్ తగ్గింది. జూన్‌లో సెస్ ఇంకా పెరిగింది. రోజూ బస్సెక్కే మనిషికి పన్ను తగ్గింపు ఏం అందింది?

బైకు మీద ఆఫీసుకు పోయేవాళ్లకు మాత్రం నేరుగా అందుతుంది, అది ఒప్పుకుంటా. కానీ కారుకు నలభై లీటర్లు కొట్టించేవాళ్లకు దానికి ఎన్నో రెట్లు అందుతుంది. వాళ్లకు అంత అవసరం ఉందా?

నేను అడిగేది ఒక్కటే. పెద్ద లారీ కాంట్రాక్టుల్లో డీజిల్ ఇంత కదిలితే కిరాయి ఇంత కదలాలి అని రాసుకుంటారు. ట్రాలీలకూ అదే కావాలి. బేగంబజార్‌లో, ఉస్మాన్‌గంజ్‌లో, మలక్‌పేట గంజ్‌లో బోర్డు పెట్టండి, డీజిల్ ఐదు రూపాయలు పెరిగితే కిలోమీటరుకు ఇంత, తగ్గితే ఇంత అని. సేఠ్ ఎంత తగ్గించాలన్నా ఆ బోర్డు చూసే తగ్గించాలి, బిల్లులో కూడా అదే రాయాలి. అది పెట్టిన రోజు పన్ను ఆపమని అడిగేవాళ్లలో నేనే ముందుంటా.